మంగళవారం ఒకటి నలభై

ఆ ఒక్క మంగళవారం పోయినవన్నీ ముందు వరసగా రాస్తాను. పోయినవి ముందు, ఉన్నవి తర్వాత రాసుకోవడం నాకు అలవాటు.

యాభై రెండేళ్ల మనిషి ఒకడు, మా చెల్లెలి భర్త. నిజానికి అతను పోయింది సోమవారం పొద్దున. ఇంట్లోంచి వెళ్లిపోయింది మంగళవారం కాబట్టి ఇందులో వేశాను. రెండేళ్ల నాలుగు నెలలుగా భర్త ముఖం ఫోన్‌లో తప్ప చూడని మా చెల్లెలికి ఆ ముఖం చివరిసారి చూసుకునే వీలు పోయింది. ఎదురెదురుగా ఉన్న అన్నదమ్ముల ఇళ్ల మధ్య మాటలు పోయాయి. అతని అన్నగారి మీద మా చెల్లెలికి ఉన్న గౌరవం పోయింది. మా చెల్లెలూ, తోడికోడలూ పద్దెనిమిదేళ్లు ఇటూ అటూ తిప్పుకున్న కూర గిన్నెల్లో ఒకటి మా వైపు ఉండిపోయింది, అది అడిగేవాళ్లు లేక అలాగే ఉంది. గంటల విషయంలో నా మీద నాకున్న నమ్మకం కూడా పోయింది. దాన్ని చివర్లో వేస్తున్నాను, మిగతావాటి పక్కన అది చిన్నది.

నేను భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ ఐసు నేర్పినవే. చేపల లారీ హౌరా వెళ్లాలంటే ఎన్ని గంటలు, ఎండ ఎంత, మధ్యలో ఎక్కడ ఆగుతుంది, దాన్నిబట్టి ఎన్ని ఐసు దిమ్మలు పగలగొట్టి పొరలు పొరలుగా వెయ్యాలి అన్నది చెప్పడం నా పని. ఎవరూ నేర్పలేదు. చెడిపోయి తిరిగొచ్చిన సరుకు చూసి నేర్చుకున్నాను. కొన్నేళ్లకి లారీ డ్రైవర్లు దారి కూడా నన్నే అడగడం మొదలుపెట్టారు. నాకు పెళ్లి కాలేదు. ఫ్యాక్టరీ వెనకే గది. ఉన్న ఒక్క చెల్లెలినీ నరసాపురం దగ్గర ఒక రేవు ఊరికి ఇచ్చాం. ఆమె భర్త అక్కడ పంటు నడిపేవాడు. మోటారు సైకిళ్లనీ, ఆటోలనీ, మనుషులనీ ఎక్కించుకుని గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తీసుకెళ్లే పెద్ద బల్లకట్టు పడవ అది. వాళ్లకి పిల్లల్లేరు.

ఇల్లు సగం కట్టి ఆపేశాక, మా చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో వంటకి వెళ్లింది. రెండేళ్లకని వెళ్లింది. ఆమె వెళ్లిన వారమే నేను రాజమండ్రిలో ఒక గ్లోబు కొన్నాను. దాని నడుం చుట్టుకొలత తొంభై నాలుగు సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు అనుకుంటే ఒక్కో సెంటీమీటరూ నాలుగు వందల పాతిక కిలోమీటర్లు. కువైట్ మీద ఒక వేలు, హైదరాబాద్ మీద ఒక వేలు పెట్టి దారం బిగించి లాగితే ఎనిమిది సెంటీమీటర్లకి ఇసుమంత తక్కువ వచ్చింది. అంటే మూడు వేల మూడు వందల అరవై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. విమానానికి వెళ్లేటప్పుడు దాదాపు అయిదు గంటలు, వచ్చేటప్పుడు నాలుగున్నర దాటి అయిదు నిమిషాలు. అంత ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి ఇంటికి వచ్చే దారి ఆ మేరకు తగ్గుతుంది. ఆ సంగతి తెలిశాక నాకు చాలా రోజులు సంతోషంగా ఉంది.

ఆదివారాలు భీమవరం నుంచి రేవు ఊరు వెళ్లేవాణ్ని. బావ, నేను ఇద్దరమే వండుకునేవాళ్లం. ఉప్పు ఎక్కువైతే అతనే నవ్వేవాడు. ఒకసారి గ్లోబు పట్టుకెళ్లి చూపించాను.

"ఎనిమిది సెంటీమీటర్లేనా బావగారూ? ఈ మాత్రం దానికి విమానం ఎందుకండి, పంటు మీద వెళ్లి నేనే దింపుకొచ్చేస్తాను."

"సముద్రం అండి మధ్యలో."

"గోదారి మటుకు ఏంటి, అందులోకేగా పోయేది."

అలా అనేసి గ్లోబుని ఒక తిప్పు తిప్పి వదిలేవాడు. అది ఆగేదాకా ఇద్దరం చూసేవాళ్లం. ఆ ఇంట్లో ఇద్దరు మగవాళ్లం మాట్లాడుకునేది ఎప్పుడూ లేని మనిషి గురించే. ఆమె శుక్రవారం ఫోన్ చేసి ఏం చెప్పిందో నాకు అతను చెప్పేవాడు, అతనికి నేను చెప్పేవాణ్ని. ఇద్దరికీ చెప్పింది ఒకటే. అయినా రెండుసార్లు వినేవాళ్లం.

ఒక సోమవారం పొద్దున్న మొదటి ట్రిప్పు వేసి, పంటు కట్టేసి, రేవు మెట్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఏడు యాభైకి వాళ్ల అన్నగారు నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి ఇంటికి తెచ్చేశారు. నరసాపురం నుంచి అద్దెకి ఫ్రీజరు పెట్టె కూడా వచ్చింది. ఆ పెట్టెలో ఎన్ని రోజులైనా ఉంచవచ్చునని నాకంటే బాగా తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. అడ్డం వచ్చింది చల్లదనం కాదు, పొయ్యి. ఆ వీధిలో శవం లేవనిదే ఏ ఇంట్లోనూ పొయ్యి రాజెయ్యరు. టీ కూడా పెట్టరు. పసిపిల్లలకి పాలు పక్క వీధి నుంచి కాచి తెస్తారు. ఒక రాత్రి అంటే జనం నోరెత్తరు. రెండో రాత్రి ఎవరూ అడగరు, అడిగితే కాదనలేరు కాబట్టి అడగరు.

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పింది నేనే. ఏడవలేదు. "ఉంచండన్నయ్యా" అని మాత్రం అంది. ఆ ఇంటావిడ మంచిది, సాయంత్రానికల్లా టికెట్టు తనే కొనిపెట్టింది. మన టైము ఏడున్నరకి నా ఫోన్‌కి టికెట్టు ఫొటో వచ్చింది. వెనకాలే వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు: "అన్నయ్యా, టికెట్టు దొరికింది. నేను వచ్చేదాకా ఉంచమని బావగారితో చెప్పు." ఆ తర్వాత ఏం పంపినా చేరలేదు. ఆమె ఫోన్‌కి నెట్టు ఆ ఇంట్లోనే వస్తుంది, గుమ్మం దాటితే రాదు. అది నాకు తెలుసు. అయినా ఆమె గుమ్మం దాటేసిందన్నమాట అని నాకు తోచలేదు.

టికెట్టు మీద మంగళవారం, 01:40 అని ఉంది.

ఇక్కడ నేను చేసిన తప్పు విడమరిచి చెప్పాలి. మాకు రోజు అంటే పొద్దు పొడిచినప్పటి నుంచి మళ్లీ పొద్దు పొడిచేదాకా. పంచాంగం అంతే. సోమవారం రాత్రి రెండింటికి పిల్ల పుడితే సోమవారం పుట్టిందంటాం. మా ఫ్యాక్టరీలోనూ అంతే, రాత్రి ఒంటిగంటకి ఎత్తిన దిమ్మలన్నీ ముందు రోజు పేజీలోనే పడతాయి, ఇరవై ఆరేళ్లుగా ఆ పేజీలు రాసిన చెయ్యి నాది. కాబట్టి మంగళవారం ఒకటి నలభై అంటే నాకు మంగళవారం పగలు గడిచాక వచ్చే రాత్రి. టికెట్టుకి రోజు మారేది అర్ధరాత్రి పన్నెండింటికి. ఆమె విమానం మా భాషలో సోమవారం రాత్రి విమానం. ఇంకో ఎనిమిది గంటల నలభై నిమిషాల్లో ఆమె బయలుదేరిపోతుంది.

జేబులో ఉన్న ఐసు చీటీ వెనక నేను వేసిన లెక్క ఇది. అక్కడి ఒకటి నలభై మనకి నాలుగు పది. హైదరాబాద్‌లో దిగేది ఎనిమిది నలభై ఐదు. రాజమండ్రి విమానం పదకొండు ఇరవై, దిగేది పన్నెండు ఇరవై ఐదు. బయటికి వచ్చి కారు ఎక్కితే రావులపాలెం, పాలకొల్లు మీదుగా రెండుంపావు గంటలు. ఇంటి ముందు రెండు యాభై. అన్ని గంటలూ, అన్ని నిమిషాలూ సరిగ్గా వేశాను. పైన "బుధవారం" అని రాశాను.

వాళ్ల అన్నగారు నన్ను వీధి చివరికి పిలిచి అడిగారు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"అమ్మాయి ఎప్పటికి దిగుద్దండి?"

"బుధవారం మధ్యాహ్నం రెండు యాభై అవుద్దండి."

ఆయన వీధి వైపు చూశారు. ఒక్క ఇంట్లోనూ పొగ లేదు.

"రేపు పొద్దు గూకేదాకా అయితే ఎలాగోలా ఆపుతానండి. ఎల్లుండి అంటే ఎవర్నీ అడగలేను బావగారూ. చంటిపిల్లల ఇళ్లు మూడున్నాయి. మరొక్కసారి చూడండి లెక్క."

"చూశానండి. రెండుసార్లు వేశాను."

"ఎవరికైనా చూపిద్దామా?"

"విమానం లెక్కలు నాకు తెలుసండి."

ఆయన తల ఊపారు. తర్వాత నలుగురిలోకి వెళ్లి, అమ్మాయికి అందుకోవడం కుదరదు, రేపు పొద్దున్నే కానిచ్చేద్దాం అన్నారు. నా పేరు ఎత్తలేదు.

మంగళవారం పొద్దున్న బావకి స్నానం చేయించేముందు నేను చొక్కా విప్పి గోడకున్న మేకుకి తగిలించాను. ఫోన్ ఆ జేబులో ఉంది. తొమ్మిది ముప్పై రెండుకి ఒకసారి, ముప్పై ఐదుకి ఒకసారి తెలియని నంబరు నుంచి మోగిందని తర్వాత చూశాను. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో పక్కన కూర్చున్నావిడ ఫోన్ అడిగి తీసుకుని చేసిందట. పదిన్నరకి లేపాం. పదకొండుంపావుకి ఏటి ఒడ్డున నిప్పు పెట్టాం. ఒంటిగంటన్నరకి తిరిగొచ్చి స్నానాలు చేశాం. తోడికోడలు గది కడిగి, అతను పడుకున్న చోట దీపం పెట్టింది.

రెండు యాభైకి కారు వచ్చింది.

ఎవరో చుట్టాలు అనుకున్నాను. చేతిసంచీతో దిగింది మా చెల్లెలు. నిమిషం తేడా లేదు, నేను వేసిన టైమే. దిగి నాలుగడుగులు గబగబా వేసింది, అక్కడే ఆగిపోయింది. వీధి అంతా పొయ్యిలు వెలిగి ఉన్నాయి. ఎవరింట్లోంచో చారు పోపు వాసన వస్తోంది. ఆ వాసన తగిలాక ఆమె ఇక నడవలేదు. వీధి మధ్యలో కూలబడింది.

కాసేపటికి తలెత్తి ఎదురింటి అరుగు వైపు చూసింది.

"నిన్ననే టికెట్టు పంపానుగా. అన్నయ్య మీతో చెప్పలేదా బావగారూ?"

వాళ్ల అన్నగారు నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను, నాకు లెక్కకి అందనివి కొన్ని ఉన్నాయి.

"చెప్పారమ్మా. మేమే ఆగలేకపోయాం."

"రెండేళ్లు ఊరు కాని ఊళ్లో ఎవరికో వండిపెట్టాను" అంది ఆమె. "నా మొగుడి కోసం మీరు ఒక్క పూట పస్తుండలేకపోయారు."

ఆయన తలొంచుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిచి "తప్పు నాదమ్మా" అనడానికి రెండు సెకన్లు పడుతుంది. అనలేదు.

నాలుగో రోజున రేవు దగ్గర ఆయన ఒక్కరే కనబడితే ఎందుకలా అన్నారని అడిగాను. పంటు అటు ఒడ్డున ఉంది. ఆయన దాన్నే చూస్తూ చెప్పారు.

"మా తమ్ముడు పోయాడు. పిల్లాజెల్లా లేదు. ఇక ఆ అమ్మాయికి ఉన్నది మీరొక్కరే కదండీ. మీ మీద కూడా మనసు విరిగిపోతే ఎక్కడికెళ్లుద్ది? మేం చెడ్డవాళ్లమైతే ఏంటి, ఎదురింటి వాళ్లం."

నేను చెబుతానన్నాను. మీ ఇష్టం అన్నారు.

పెద్దకర్మ అయ్యాక ఆమె కువైట్ వెళ్లిపోయింది. వెళ్లేదాకా ఎదురింటి గుమ్మం తొక్కలేదు. ఆ తర్వాత మూడేళ్లు శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేది, ఇప్పుడు వినేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నలభై నిమిషాలూ నాకే. ప్రతివారం చెబుదామనే ఫోన్ తీసేవాణ్ని. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, ఆమె తినడానికి కూర్చునే టైము. తిన్నాక చెబుదాం అనుకునేవాణ్ని. తిన్నాక ఆమె ఎదురింటి వాళ్లని ఒక మాట అనేది, నేను ఊకొట్టేవాణ్ని. ఆ ఊకొట్టడం అలవాటైపోయింది.

ఆదివారాలు వెళ్లడం మానలేదు. ఇల్లు తీసి, కిటికీలు తెరిచి, ఊడ్చి, బస్టాండు నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పేసరికి ఎదురింటి నుంచి కూర వచ్చేది. ఆయనే తెచ్చి గుమ్మంలో పెట్టి, "వేడిగా ఉందండి" అని వెళ్లిపోయేవారు. ఆ ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని అది తినేవాణ్ని. తినకపోతే ఆయన బాధపడతారు. గ్లోబు అక్కడే బీరువా మీద ఉంది. దాన్ని ఎవరూ తిప్పక దుమ్ము ఒక పక్కనే పట్టింది, అరేబియా సముద్రం పక్కన.

పోయిన నెల ఆమె సెలవు మీద వచ్చింది. టికెట్టు పంపి, "ఎప్పటికి దిగుతానో చూసి చెప్పన్నయ్యా" అంది. ఇప్పటికీ నన్నే అడుగుతోంది. నేను "ఆదివారం రాత్రి, తెల్లవారితే సోమవారం" అని రెండు రోజులూ రాసుకుని, ఫ్యాక్టరీలో చదువుకున్న ఇద్దరికి చూపించి, అప్పుడు చెప్పాను. రాజమండ్రి ఎయిర్‌పోర్టులో గంటన్నర ముందే నిలబడ్డాను. ఆమె జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి నవ్వింది.

సిద్ధాంతం వంతెన దాటాక చెప్పాను. ఏటి మీద ఉండగా చెప్పలేకపోయాను, వంతెన దిగాక నోరొచ్చింది. టికెట్టు నేనే చూశానని, రోజు నేనే తప్పానని, రేపు పొద్దు గూకేదాకా అయితే ఆపుతానని చెప్పి మరోసారి చూడమని ఆయన అడిగితే అక్కర్లేదన్నానని, ఆ రోజు ఆయన వీధిలో నా తప్పు నెత్తిన వేసుకున్నారని అంతా వరసగా చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. కారు పెనుగొండ దాటింది. డ్రైవరు రేడియో తగ్గించాడు. పాలకొల్లు వస్తుండగా అడిగింది.

"రేపు సాయంత్రం దాకా ఆపుతామన్నారా బావగారు?"

"అన్నారమ్మా."

"ఆపి ఉంటే, మా ఆయన దగ్గర నేను ఎంతసేపు కూర్చునేదాన్నన్నయ్యా?"

గంటల లెక్క ఎవరడిగినా అక్కడికక్కడ చెప్పేవాణ్ని నేను. "చూసి చెబుతానమ్మా" అన్నాను.

పాలకొల్లులో కారు ఆపించి అరటిపళ్లు, బత్తాయిలు కొంది. ఊళ్లో దిగాక సామాను నాకు వదిలేసి పళ్ల సంచీతో నేరుగా ఎదురింట్లోకి వెళ్లింది. నేను వీధిలోనే ఉండిపోయాను. లోపల నుంచి ముందు తోడికోడలు ఏడుపు వినబడింది, ఆ తర్వాత ఆయన గొంతు: "పోన్లే అమ్మా, ముందు కాళ్లు కడుక్కో." ఆ ఇరవై ఒక్క రోజులూ ఆమె భోజనం అక్కడే. నన్నూ పిలిచేవారు. ఆమె నాకూ వడ్డించేది, కూర మారు వేసేది. నాతో మాట్లాడేది కూడా. మునుపు మాట్లాడినట్టు కాదు, ఎదురింటి వాళ్లతో మాట్లాడినట్టు.

మళ్లీ కువైట్ వెళ్లి మూడు శుక్రవారాలయింది. మొదటి ఫోన్ ఆరు నిమిషాలు, రెండోది నాలుగు, మూడోది మళ్లీ ఆరు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నేను మాత్రం వేసి ఉంచాను. ఇల్లు చేరింది రెండు యాభై. ఆ రోజు పంచాంగం ప్రకారం సూర్యాస్తమయం అయిదు నలభై. అంతకు ఇరవై నిమిషాల ముందే నిప్పు పెట్టాలి. ఒడ్డున జరగవలసినవాటికి మరో ఇరవై. ఇంటి నుంచి నడక పాతిక నిమిషాలు. ఆడవాళ్లు వీధి చివరిదాకానే వస్తారు కాబట్టి ఆ నడక ఆమెకి రాదు. నాలుగు ముప్పై ఐదుకి లేపాలి. స్నానం చేయించే నలభై నిమిషాలూ తీసెయ్యాలా అని చాలాసేపు ఆలోచించాను. తియ్యకూడదు, అప్పుడూ పక్కనే ఉండేది, నీళ్లు అందించేది. మూడుసార్లు వేశాను, ప్రతిసారీ అంతే వస్తోంది. ఒక గంటా నలభై ఐదు నిమిషాలు.